'మెంటార్' అను మాట: ఒక పరిశీలన

ఇటీవలి సంవత్సరములలో సంఘములలోను, కాపరుల సదస్సులలోను 'మెంటార్' అను మాట విరివిగా వినబడుచున్నది. మా చీపురుపల్లి ప్రాంతపు గ్రామ సంఘములలో సైతము యౌవనస్థులు "మా మెంటార్ గారు" అని చెప్పుచున్నారు. ఈ మాట ఎక్కడిది, దీనివెంట మన మధ్యకు వచ్చిన భావమేమి అని పరిశీలించుట అవసరమని మేము తలంచుచున్నాము.

ఇది గ్రీకు కవి హోమరు పేర వెలసిన ఒడిస్సీ కావ్యములోని ఒక మనుష్యుని పేరు. ఒడిస్సియస్ యుద్ధమునకు వెళ్లుచు తన గృహమును మెంటార్ అను స్నేహితునికి అప్పగించెను. అయితే ఇంట చేరి ఆస్తిని తినివేయుచున్నవారిని అతడు ఆపలేకపోయెను. కుమారుడైన టెలిమేకసుకు తోడై నడిపినది మెంటార్ రూపము ధరించిన ఎథీనా దేవతయే. ఈ పేరు ఐరోపాలో ప్రసిద్ధి చెందుటకు ముఖ్య కారణము, ఫ్రాన్సు దేశపు ఆర్చిబిషప్ ఫెనెలోన్ రచించగా 1699లో అచ్చయిన టెలిమేకసు కథ. 14వ లూయీ రాజు మనుమని శిక్షణ కొరకు ఆయన దానిని వ్రాసెను. తరువాత 18వ శతాబ్దములో ఆంగ్లమున ఇది సామాన్య నామమాయెను.

అన్యుల కథలో పుట్టినది గనుక దీనిని విసర్జింపవలెనా? ఆ వాదము నిలువదు. మాట పుట్టుక దాని నేటి అర్థమును నిర్ణయింపదని జేమ్స్ బార్ 1961లో ప్రచురించిన గ్రంథమున బైబిలు పండితులను హెచ్చరించెను. కావున మా విమర్శ వాడుకను గూర్చినది. వివాహమునకు, ఉద్యోగమునకు, మరియొక సంఘమునకు వెళ్లుటకు సహా మెంటార్ అనుమతి కావలెనని బోధించినయెడల సలహాదారుడు అధికారి యగును. విశ్వాసి మనస్సాక్షి అతనికి తాకట్టుపడును.

లేఖనము వాడిన మాటలను చూడుడి. మన తెలుగు బైబిలులో గలతీ 3:24న 'బాలశిక్షకుడు' అనియు, 1 కొరింథీ 4:15న 'ఉపదేశకులు' అనియు ఉన్నచోట్ల మూలమున ఒక్కటే పదము: పైడగోగోస్. అతడు బాలుని వెంటనుండి కాపాడుచు నడిపించు దాసుడు. బాలుడు ఎదిగిన తరువాత అతని పని ముగియును. అపొస్తలుల కార్యములు 8:31లో 'త్రోవ చూపుట'కు మూలపదము హొడెగెయో. హొడొస్ అనగా త్రోవ. మా పల్లెలలో తోవ అడిగినవానికి రాజాం రోడ్డు చూపినవాడు ఆ ప్రయాణికుని తన యింట కట్టివేసికొనడు గదా! ఫిలిప్పు లేఖనమును వివరించి, బాప్తిస్మమిచ్చి, కనుమరుగాయెను. నపుంసకుడు సంతోషముతో సాగిపోయెను.

కాబట్టి కాపరులారా, విద్యార్థులారా, మాటను వాడినను ఈ రెండు ప్రశ్నలు మరువకుడి. మనము నడిపించువాడు లేఖనమును తానే చదివి గ్రహించుచున్నాడా? మనము లేని దినమున క్రీస్తునందు నిలువగలడా? ఈ రెంటికి అవునని చెప్పగలిగినయెడల మన పరిచర్యకు ఏ పేరు పెట్టినను నష్టము లేదు.