రావొద్దన్న మాట

2022 జూన్. పత్తి గింజ పెట్టడానికి వాన కోసం ఎదురుచూస్తున్న రోజులు. చేలో పని లేదు కదా అని క్రోసూరు నుంచి సత్తెనపల్లి వెళ్లి ‘మేజర్’ సినిమా చూశాం, నేనూ మా వీధిలో ఉండే మాజీ సైనికుడూ. ఊళ్లో అందరికీ ఆయన మిలట్రీ బాబాయే. యుద్ధం సినిమాకి మిలట్రీ వాడి పక్కన కూర్చోకూడదని ఆ రోజే తెలిసింది. ముంబై తాజ్ హోటల్లో తూటాల వాన కురుస్తుంటే హాలంతా ఊపిరి బిగబట్టింది. ఈయన మాత్రం పాప్‌కార్న్ నములుతూ, ‘అంత దగ్గర్లో పేలితే ఇంకేం వినపడదురా, చెవుల్లో గుయ్యిమంటది, అంతే’ అన్నాడు. బాంబు పేలింది. ‘పొగ చాలదు’ అన్నాడు.

ఆ తర్వాత ఆ మాట వచ్చింది. 2008 నవంబర్‌లో ముంబై మీద ఉగ్రదాడి జరిగినప్పుడు, కాల్లో తూటా దిగిన తోటి కమాండోను బయటికి పంపించేసి, మిగతావాళ్లని పైకి రావొద్దని, ఉగ్రవాదుల సంగతి తాను చూసుకుంటానని చెప్పి మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ ఒక్కడే ముందుకెళ్లాడు. అప్పటికి ఆయనకి 31 ఏళ్లు. సందీప్ వేషంలో అడివి శేష్ ఆ మాట అనగానే నా గొంతు పూడుకుపోయింది. పక్కన పాప్‌కార్న్ చప్పుడు ఆగింది. చూస్తే బాబాయ్ చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాడు. చాలాసేపు వంగే ఉన్నాడు.

హాల్లో ఏడవడం కూడా ఒక విద్యే. ఆడవాళ్లు కొంగుతో బాహాటంగా తుడుచుకుంటారు. మగాళ్లకి దగ్గు, జలుబు, చెప్పులు. నాది సెల్‌ఫోన్ తీసి టైం చూసుకునే బాపతు. అయితే సంగీతం ముందే వచ్చి ‘ఇక ఏడవండి’ అని పురమాయించే సీన్ల దగ్గర నా కన్ను తడవదు. మొండితనం అనుకోండి.

‘ఘాజీ’ అప్పుడు ఇదే తకరారు వచ్చింది. 1971లో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి మీద సంకల్ప్ రెడ్డి తీసిన సినిమా. 2017 ఫిబ్రవరి 17న విడుదలైంది. అప్పట్లో ఆట మొదలయ్యే ముందు జనగణమన వేసేవాళ్లు, లేచి నిలబడాలి, సుప్రీంకోర్టు ఆజ్ఞ. కథ మధ్యలో గీతం వస్తే నిలబడనక్కర్లేదని సరిగ్గా మూడు రోజుల ముందే, 14న, కోర్టు స్పష్టం చేసింది. నీళ్ల అడుగున మన జలాంతర్గామి సిబ్బంది గొంతు కలిపి గీతం అందుకోగానే మా ముందు వరసలో సగం మంది లేచారు, సగం మంది లేచినవాళ్లని చూసి లేచారు. నేను లేచానుగానీ ఒళ్లు జలదరించలేదు. ఆజ్ఞ ఉన్నా లేకపోయినా కాళ్లు లేస్తాయి. వెంట్రుకలు లేవవు.

మరి ఆ రావొద్దన్న మాటకి ఎందుకు లేచాయి? ‘మేజర్’ మొదలవక ముందే సందీప్ చనిపోతాడని హాల్లో ప్రతివాడికీ తెలుసు. తెలిసిన చావుకి ఇంత దుఃఖం ఏంటి?

పల్నాటి వాడు అడగాల్సిన ప్రశ్న కాదిది. ఏటా కార్తీకంలో కారంపూడి నాగులేటి ఒడ్డున అయిదు రోజుల వీరుల ఉత్సవాల్లో మనం చేసేది అదేగా. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. 12వ శతాబ్దంలో ముగిసిపోయిన పల్నాటి యుద్ధం. ఆ పోరుకి వెళ్లిన బాలచంద్రుడు తిరిగి రాడని చంకలో పిల్లాడికి కూడా తెలుసు. అయినా ఆ వీరగాథ పాడే వీరవిద్యావంతులు కథ ఎత్తుకుంటే చెప్పేవాడి గొంతూ వినేవాడి గొంతూ ఒక్కసారే జీరబోతాయి. మా తాత నన్ను భుజాన ఎక్కించుకుని తీసుకుపోయేవాడు. కత్తి ఇచ్చి మొగుడు బాలచంద్రుణ్ణి సాగనంపిన మంచాల ఘట్టం ఆయనకి ఇష్టం. నాకు అనపోతు కథ.

అనపోతు బాలచంద్రుడి నేస్తం, అన్నదమ్ముడితో సమానం. బ్రాహ్మణుణ్ణి పోరుకి బలి ఇవ్వకూడదని, ఏదో మరిచిపోయాను తెమ్మని సాకు చెప్పి అతణ్ణి వెనక్కి పంపించేస్తాడు బాలచంద్రుడు. తనని దాటించి వెళ్లిపోయారని తెలిశాక అనపోతు బతికి సుఖపడడు. తన ప్రాణం తానే తీసుకుంటాడు. చిన్నప్పుడు నాకు బాలచంద్రుడి మీద కోపం వచ్చేది. రావొద్దు అన్నవాడు ఆ క్షణంలో వీరుడైపోతాడు. విన్నవాడు ఏం కావాలి?

సినిమా కూడా ఆ రెండోవాణ్ణి గడప దగ్గరే వదిలేసింది. కెమెరా వీరుడి వెంటే మెట్లెక్కింది. అది తప్పని అనను, సినిమా పేరే ‘మేజర్’. కానీ వెనక్కి దిగినవాడి ముఖం ఇంకొక్క నిమిషం చూపించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆట విడిచాక సోడా కొట్టు దగ్గర ఆగాం. బాబాయ్ గోళీ నొక్కి, సగం తాగి, ‘మా హవల్దారు కూడా అట్టాగే అన్నాడు’ అన్నాడు. ఎక్కడ, ఎప్పుడు అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. క్రోసూరు దాకా బండి మీద మాటల్లేవు.

ఆ కార్తీకంలో ఆయన్నీ కారంపూడి తీసుకుపోయాను. కథ బాగానే విన్నాడు, తల ఊపాడు, పక్కవాళ్లకి అర్థం కూడా చెప్పాడు. అనపోతు పేరు వినపడగానే మాత్రం లేచి, తువ్వాలు దులుపుకుని, టీ కొట్టు కాడికి పోయాడు.