పెన్‌డ్రైవ్‌లో రంగు ఉండదు

తాడేపల్లిగూడెంలో ఆ ఇంటి హాలు నిండా చుట్టాలే. ల్యాప్‌టాప్‌ని టీవీకి కలిపి, నేను తెచ్చిన పెళ్లి వీడియో పెన్‌డ్రైవ్ పెట్టి, పెళ్లికూతుర్ని చేసిన రోజు భాగం వేశాం. రెండు నిమిషాలు చూసి పెళ్లికూతురి అమ్మమ్మగారు నా వైపు తిరిగారు.

"ఏం బాబూ, ఆ జడ నా చేత్తో వేశాను. నల్లగా నిగనిగలాడాలి కదా, బూడిద చల్లినట్టు ఉందేంటి?"

ఆవిడ అన్నది నిజం. ఏలూరులో నా ఎడిటింగ్ గదిలో జడ నల్లగా, మధ్యలో కనకాంబరాలు మెరుస్తూ ఉన్నాయి. ఇక్కడ తెర మీద పొగ పట్టినట్టుంది. మా పనిలో అందరం అనే మాటే నేనూ అన్నాను: "మీ టీవీ సెట్టింగండీ." ఆవిడ ఇంకేం మాట్లాడలేదు. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. నాకు కారణం తెలియక, తప్పు వాళ్ల టీవీ మీదికి తోసేశాను.

మర్నాడు ఆ ల్యాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాను. అదే ఫైలు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేస్తే జడ నల్లగానే ఉంది, ప్లేయర్‌లో వేస్తే బూడిదగా ఉంది. ఫైలూ ఒకటే, తెరా ఒకటే. అంటే మధ్యలో చదివేవాడు మారుతున్నాడన్నమాట.

వీడియో ఫైల్లో రంగులుండవు, అంకెలుంటాయి. ప్రతి చుక్కకీ వెలుతురు ఎంతో చెప్పే అంకె ఉంటుంది, రంగు ఎటు మొగ్గిందో చెప్పే అంకెలు వేరే ఉంటాయి. మనం మామూలుగా ఇచ్చే 8 బిట్ ఫైల్లో 0 నుంచి 255 దాకా చోటున్నా, టీవీ సంప్రదాయంలో నలుపు 16 దగ్గర మొదలై తెలుపు 235 దగ్గర ఆగుతుంది. కంప్యూటర్ తెరకి నలుపంటే 0. కాబట్టి ప్లేయర్ ఆ 16ని లాగి 0 చెయ్యాలి. చెయ్యకపోతే నలుపు అక్కడే నిలిచిపోయి బూడిదవుతుంది. ఒకసారి లాగినదాన్నే మళ్లీ లాగితే ఇంకో నష్టం: నలుపులు ముద్దకట్టేస్తాయి, మధుపర్కాల తెలుపులో మడతలు కనపడకుండా పోతాయి. ఆ ల్యాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు వీడియో సెట్టింగు 16–235 మీద ఉంది. ప్లేయర్ బొమ్మ ఆ దారిన వస్తోంది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ బొమ్మ రావడం లేదు. అంతే తేడా.

ఆ తర్వాత పాత బాకీలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పాత పెళ్లి క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కించమని మా దగ్గరికి చాలామంది వస్తారు. మన దేశంలో అవి పాల్ పద్ధతివి, ఎక్కిస్తే 720, 576 సైజులో వస్తాయి. పెద్ద టీవీలో నిండుగా ఉండాలని 1080కి పెంచి ఇచ్చేవాణ్ణి. ఒకావిడ తన పెళ్లి తనే చూసుకుని, "నా బొట్టు కుంకుమ బొట్టండీ, ఇదేంటి సింధూరంలా ఉంది?" అని అడిగారు. పాతబడి రంగు వెలిసిందనుకుని సర్దిచెప్పాను. కానీ తప్పు క్యాసెట్‌ది కాదు. ఆ చిన్న బొమ్మల అంకెలని రంగులుగా మార్చే లెక్క 1982 నాటి 601 ప్రమాణానిది. హెచ్‌డీకి 1990లో 709 అని వేరే లెక్క వచ్చింది. ఫైల్లో ఏ లెక్కో చీటీ రాసి లేకపోతే చాలా ప్లేయర్లు బొమ్మ సైజు చూసి ఊహించుకుంటాయి. నేను సైజు పెంచాను, లెక్క మార్చలేదు, చీటీ రాయలేదు. అది హెచ్‌డీ అనుకుని ప్లేయర్ 709తో చదివింది. ఎరుపు నారింజ వైపు జరిగింది, పందిట్లో అరటాకుల పచ్చ ముదిరింది. నలభై ఏళ్లు దాచుకున్న పెళ్లిలో బొట్టు రంగు మారితే అది చిన్న విషయం కాదు. ఆ ఫైళ్లు దొరికినంతవరకూ మళ్లీ చేసి ఇచ్చాను.

కొల్లేరు మీద తీసిన వీడియో సంగతి వేరు. కైకలూరు దగ్గర ఆటపాకలో చలికాలం పొద్దున్నే తీసిన షాట్లు నాకు ప్రాణం. గూడబాతులు గూళ్లు పెట్టుకోడానికి వేసిన ఇనుప స్టాండ్లు మంచులో కనీ కనపడకుండా ఉంటాయి, వాటి మీద పక్షుల తెలుపు నీళ్లలోకి కరిగిపోతున్నట్టుంటుంది. ఆ కనీ కనపడనితనం కోసం గంటలకొద్దీ గ్రేడింగ్ చేశాను. మ్యాక్‌లో క్విక్‌టైమ్‌లో తెరిస్తే మొత్తం వెలిసిపోయింది. ఇక్కడ నలుపూ తెలుపూ కదల్లేదు, మధ్య ఛాయలు పైకి లేచాయి. మధ్య ఛాయలు ఎంత వెలుగుగా ఉండాలో చెప్పే గామా టీవీ మానిటర్ మీద 2.4 అని నేను చేస్తే, మ్యాక్ ప్లేయర్ దాన్ని దాదాపు 1.96గా చదివింది. మంచు అంటేనే అన్నీ మధ్య ఛాయలు. పెళ్లి పందిట్లో ఎవరి కంటా పడని తేడా కొల్లేరు మంచులో మొత్తం బొమ్మని మింగేసింది. పైగా ఇక్కడ 709 అని చీటీ రాసినా పనిచెయ్యదు, ఆ చీటీనే రెండు చోట్ల రెండు రకాలుగా చదువుతున్నారు. ఇప్పుడు మంచు షాట్లని మాత్రం కాస్త ముదురుగా ఉంచి, రెండు తెరల మీదా చూసి వదులుతున్నాను.

మా అమ్మ చీర కొనేటప్పుడు కొట్లో ట్యూబ్‌లైటు కింద చూసి ఊరుకునేది కాదు. మడత విప్పి గుమ్మం బయట ఎండలో పట్టి చూసేది. నేనిప్పుడు ఎక్స్‌పోర్ట్‌లో లెక్క ఏదో, అంకెల రేంజ్ ఏదో రాసి, అరనిమిషం ముక్క ముందుగా వాళ్ల ఇంటికే తీసుకెళ్తున్నాను. అందులో మొదట 16, 20, 24 నలుపు పట్టీలు పక్కపక్కనే పెడతాను. మొదటిది చిక్కటి నలుపులో ఉండి, మిగతావి లీలగా విడివిడిగా కనపడితే ఆ ఇంట్లో నా పని సరిగ్గా కనపడుతుందని ధైర్యం.

గూడెం ల్యాప్‌టాప్‌లో ఆ సెట్టింగు 0–255కి మార్చి తీసుకెళ్లి, అదే భాగం మళ్లీ వేశాను. తప్పు మీ టీవీది కాదండీ అని ముందే చెప్పాను. అమ్మమ్మగారు లేచి టీవీ దగ్గరికంటా వెళ్లారు. జడ తెర మీదికి రాగానే చెయ్యెత్తారు.

"అక్కడ ఆపు బాబూ. కాసేపు ఉంచు."