బీదల ఆశ్రమం నిలబెట్టిన మేడ

అమెరికాలో మేరీల్యాండ్ రాజధాని అనాపొలిస్‌కు దక్షిణాన, సౌత్ రివర్ ఒడ్డున విలియం బ్రౌన్ ఇల్లు ఉంది. 1760 ప్రాంతంలో కట్టిన ఇటుక మేడ. బ్రౌన్ అక్కడి రేవులో పడవ దాటించేవాడు, చేతిలో వడ్రంగం కూడా ఉంది. నది దాటేవాళ్లకు ఈ ఇంట్లోనే తిండి, మందు, పడక. ఎదురుగాలి వీచిన రోజున ప్రయాణికుడికి చిరాకు, బ్రౌన్‌కు గిరాకీ!

మేస్త్రీ పని తెలిసినవాళ్లు లోపలికి వెళ్లకముందే గోడ దగ్గర ఆగిపోతారు. మామూలుగా ఇటుకల్ని పొడుగు ముఖం బయటికి ఉండేలా పేర్చి, మధ్యమధ్య ఒకటి అడ్డంగా తిప్పి లోపలికి దూరుస్తారు. లోపలి వరసనూ బయటి వరసనూ పట్టి ఉంచేది ఆ అడ్డం ఇటుకే. ఇక్కడ అన్నీ అడ్డం ఇటుకలే, కనిపించేవన్నీ పొట్టి ముఖాలే. అంతే గోడకు పైకి కనిపించే ఇటుకలు చాలా ఎక్కువ పడతాయి, సున్నపు అతుకులూ పెరుగుతాయి. దానివల్ల గోడ పొడవునా వచ్చే పట్టు మాత్రం తక్కువే. ఇది డాబు కోసం చేసిన పని. అనాపొలిస్ కలవారి ఇళ్లలో అప్పట్లో అదే మోజు.

డాబుకు అది సమయమూ కాదు. ఈ ఇల్లున్న ఊరు లండన్ టౌన్, 1683లో పుట్టిన పొగాకు రేవు. ఇక్కడ పొగాకు ఓడలకెక్కేది, బానిసలుగా పట్టి తెచ్చిన ఆఫ్రికన్లు దిగేవారు. 1747 చట్టం పొగాకు తనిఖీ కేంద్రాలను నిర్ణయించినప్పుడు ఈ ఊరి పేరు అందులో లేదు. వ్యాపారం జారిపోతున్న ఊళ్లో బ్రౌన్ మేడ లేపాడు, చివరికి అప్పులపాలై పోగొట్టుకున్నాడు.

ఊళ్లో చాలా ఇళ్లు నేలలో గుంజలు పాతి చెక్కతో కట్టినవి. చెమ్మకు కుళ్లి మాయమయ్యాయి. గుంజ కుళ్లిన చోట మట్టి నల్లబడి మచ్చగా మిగులుతుంది. పురావస్తువాళ్లు పైమట్టిని జాగ్రత్తగా గీకి, ఆ మచ్చల వరసను కొలిచి ఇంటి కొలతలు రాబడతారు. రమ్నీ అనే మరో సత్రం ఆనవాళ్లు అలా తవ్వకాల్లోనే దొరికాయి.

మరి బ్రౌన్ ఇల్లు? 1820ల్లో కౌంటీ దాన్ని బీదల ఆశ్రమం చేసింది. 1965 దాకా దిక్కులేనివాళ్లు అందులోనే తలదాచుకున్నారు. వాడుకలో ఉంది కాబట్టే గోడలు నిలిచాయి. 1970లో జాతీయ చారిత్రక కట్టడమైంది. సత్రంగా నడిచిన కాలం కంటే ఆశ్రమంగా నడిచిన కాలమే చాలా ఎక్కువ, ఈ ఇంటి అసలు కథ అదే.

వాషింగ్టన్, బాల్టిమోర్ వైపు ఉన్న తెలుగువాళ్లు కారులో ఒక్క పూటలో వెళ్లి రావచ్చు. వెళితే మందు గది చూసి వచ్చేయకండి, ఆశ్రమం రోజుల గురించి గైడ్‌ను అడగండి.