జొన్న బిస్కెట్ పక్షాన

మైదా లేకుండా బిస్కెట్ గుల్లగా వస్తుందా అని అడిగేవాళ్లని మా వీధి బేకరీ మాస్టర్ దగ్గరికి పంపిస్తుంటాను. పచ్చజొన్న పిండితో ఆయన చేసే బిస్కెట్ పటుక్కున విరుగుతుంది, నమిలేలోగా కరిగిపోతుంది. షుగర్ ఉన్నవాళ్లు చాయ్‌తో మొహమాటం లేకుండా రెండు తీసుకోవచ్చు.

జొన్నలో గ్లూటెన్ లేదు, ముద్దని పట్టి ఉంచేది లేదు. కొత్త చేతుల్లో ట్రే మీదే పొడైపోతుంది. మాస్టర్ ముందు పిండిని సన్నసెగ మీద పచ్చివాసన పోయేదాకా వేయిస్తారు. 150 గ్రాముల పిండికి 50 గ్రాముల వేరుశనగ పొడి, 70 గ్రాముల వెన్న, 25 గ్రాముల చక్కెర, చిటికెడుకి మించి ఉప్పు. వెన్న, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టి, పిండి, పొడి కలిపి, పాలు చిలకరించి, తడిగుడ్డ కప్పి అరగంట వదిలేస్తారు. పిండి తడి పీల్చుకునేది అప్పుడే. ఆ అరగంట ఓపిక పట్టనివాళ్లే జొన్న ఇసుకలా తగులుతోందని తిడతారు! 160 డిగ్రీల్లో దాదాపు 20 నిమిషాలు. చక్కెర తక్కువ కనక పెద్దగా ఎర్రబడదు. రంగు కోసం కాచుకుంటే మాడుతుంది. ఆయన బట్టీ వైపు చూడకుండా, గల్లా దగ్గర చిల్లర లెక్కపెడుతూనే వాసన పట్టి లేస్తారు. ఒక్క ట్రే మాడగా నేను చూడలేదు. చల్లారేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వరు, వేడి మీద విరిగిపోతాయని.

ఉప్పు గుట్టు మన ఉస్మానియా బిస్కెట్‌దే. ఉప్పు తగిలితే కొంచెం తీపే ఎక్కువగా తెలుస్తుంది. ఆ బిస్కెట్‌ని మొదట ఉస్మానియా ఆసుపత్రి రోగుల కోసమే చేశారని చెప్పుకుంటారు. నిజమెంతోగానీ, నాకు నచ్చిన కథ.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం నూరు గ్రాముల మైదాలో పీచు 3 గ్రాములకి లోపే. జొన్నల్లో 10, రాగుల్లో 11. పిండి పదార్థం మాత్రం జొన్నల్లోనూ 67 గ్రాముల పైనే. అంచేత జొన్నదే కదా అని అరడజను లాగిస్తే షుగర్ పెరగక మానదు. పై కొలతకి ఇరవై బిస్కెట్లు చేస్తే ఒక్కోదానిలో సుమారు 7 గ్రాముల పిండి పదార్థం; అది రోజు లెక్కలో పడాల్సిందే. మరలో పిండి కాస్త బరకగా ఆడించమనండి, నిదానంగా అరుగుతుంది. ఓట్స్ అంటారా? మంచివే కావచ్చు. మన నల్లరేగడిలో జొన్న పండుతుండగా డబ్బాలో వచ్చిన ఓట్స్‌కి నేను ఓటు వెయ్యను.

అసలు మంట ఇంకొకటి. ప్యాకెట్ మీద రాగి కంకి బొమ్మ, పెద్ద అక్షరాల్లో 'మిల్లెట్'. వెనక్కి తిప్పండి: దినుసులు బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలని నిబంధన. మొదటి పేరు శుద్ధి చేసిన గోధుమ పిండి, అంటే మైదా, తర్వాత పామాయిల్, రాగి ఎక్కడో అడుగున! కొన్నిటిలో ముదురు రంగు కారమెల్‌ది. 'చక్కెర లేదు, బెల్లమే' అనేది ఇంకో దగా. రక్తానికి బెల్లమూ చక్కెరే. 'షుగర్ ఫ్రీ'లో వాడే మాల్టిటాల్ కూడా చక్కెరని కొంత పెంచుతుంది, ఎక్కువైతే కడుపు కదుపుతుంది. జబ్బుమనిషి నమ్మకం మీద చేసే ఈ వ్యాపారాన్ని ఏమనాలి?

బేకరీవాళ్లకి నా విన్నపం ఒక్కటే. జాడీ మీద జొన్న ఎంత పాలు, మైదా ఎంత పాలు అని రాసి పెట్టండి. కొనేవాళ్లూ సిగ్గుపడకుండా అడగండి. చెప్పని కొట్లో కొనకండి.