నడవాల్సింది తల్లా, వైద్యమా?

అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చేనాటికే ఆమెకు వైద్య పట్టా ఉంది. పంపిన లూథరన్ మిషన్ మాత్రం ఆమెను డాక్టరుగా పంపలేదు. ఆమె అప్పగించిన పనులు చేస్తూనే రోగులను చూశారు, పట్టుబట్టి 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆస్పత్రి తెరిచారు. మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి ఒప్పుకోని ఇళ్లెన్నో ఉన్న కాలం అది. గుంటూరు జనం ఇప్పటికీ దాన్ని కుగ్లర్ ఆస్పత్రి అనే అంటారు. అయితే బండి కట్టించుకుని ఆ గుమ్మం దాకా రాగలిగిన తల్లికే ఆ వైద్యం అందింది.

డాక్టర్ రాణీ బంగ్ ఆ దూరాన్నే తన పనికి మొదలు చేసుకున్నారు. 1986లో భర్త అభయ్ బంగ్‌తో కలిసి మహారాష్ట్రలోని గడ్చిరోలిలో 'సెర్చ్' సంస్థను స్థాపించారు. కాళేశ్వరం దగ్గర నది దాటితే వచ్చే సిరొంచ, తెలుగు వినిపించే ఊరు, ఆ జిల్లాలోనిదే. ఆమె ముందు తల్లుల బాధ విన్నారు. రెండు ఊళ్లలో 650 మందిని పరీక్షిస్తే 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ వ్యాధి ఉందని 1989లో లోకానికి చెప్పారు. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లనే ఆరోగ్యదూతలుగా తయారుచేశారు. వాళ్ల సంచిలో ఒక చిన్న పరికరం ఉండేది: నిమిషం ఇసుక గడియారం, పక్కన పూసలు. బిడ్డ పదిసార్లు ఊపిరి తీస్తే ఒక పూస జరపాలి. ఇసుక అయిపోకముందే చివరి ఎర్రపూస జరపాల్సి వస్తే న్యుమోనియా అనుకోవాలి. పది దాకా లెక్క వస్తే చాలు. ఇలా ఆరోగ్యదూతలు ఇంటికే వెళ్లి పసిబిడ్డలను చూసుకునే పద్ధతి నడిచిన 39 గ్రామాల్లో, మామూలు ఊళ్లతో పోలిస్తే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ పత్రిక అచ్చువేసింది.

నా మొగ్గు రాణీ బంగ్ వైపే. కుగ్లర్ కట్టించినటువంటి ఆస్పత్రి వెనక లేకపోతే గడప దగ్గర పట్టుకున్న జబ్బు కొన్నిసార్లు నయం కాదు, నిజమే. కానీ హైదరాబాద్‌లోని మన గచ్చిబౌలిలో ఇప్పుడు కొరతగా ఉన్నది ఆస్పత్రి కాదు. పెద్ద పెద్ద ఆస్పత్రులున్న ఈ చోటే, టవర్లు కట్టే కూలీల రేకుల షెడ్లలో బాలింతలున్నారు. గడ్చిరోలి పాఠంతోనే 2011లో దేశమంతటా ఆశా కార్యకర్తల ఇంటి సందర్శనలు మొదలయ్యాయి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డనైనా 42 రోజుల్లోపు ఆరుసార్లు ఇంటికెళ్లి చూడాలి. సైటుతో పాటు మారిపోయే షెడ్డు ఆ లెక్క నుంచి తేలిగ్గా జారిపోతుంది.

మీ అపార్ట్‌మెంట్ పక్క సైటులో పసిబిడ్డ ఉంటే దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చెప్పండి. ఆశాకు ఆ షెడ్డు దారి చూపించండి.