సమష్టి కల్పన – సొంత ఆస్తి

1974లో అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్ల పేర వెలువడిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ బల్ల చుట్టూ కూర్చుని ఆడే కథ. ఒకడు కథ నడుపుతాడు. మిగతావాళ్లు పాత్రలై నిర్ణయాలు చేస్తారు. ఫలితం పాచికలు తేలుస్తాయి. దీన్ని కాలక్షేపమని కొట్టిపారేయడం తేలిక. కాని ఇందులో ఉత్త శ్రోత ఒక్కడూ లేడు. సమష్టి సృజన గురించి మాట్లాడే మనం దీన్ని పరిశీలించక తప్పదు.

2000 నుంచి 2008 దాకా నడిచిన ‘లివింగ్ గ్రేహాక్’నే తీసుకుందాం. ఊహాలోకపు రాజ్యాలను నిజమైన రాష్ట్రాలకు, దేశాలకు పంచారు. ప్రాంతీయ కథలను అక్కడి ఔత్సాహికులే జీతం లేకుండా రాశారు. ఒక ఊళ్లో పెంచిన పాత్రతో మరో ఊళ్లో అపరిచితుల మధ్య ఆడవచ్చు. సంపాదించిన అనుభవం, బంగారం కాగితం మీదికెక్కేవి.

ఇటువంటి ఆటలు ఆడినవాడిగా నాకు కనిపించే వైరుధ్యం ఆ కాగితంలోనే ఉంది. కథలో సాటివాడి కోసం ప్రాణం ఒడ్డుతాం; కథ ముగియగానే ఎవరి లెక్క వారిది. త్యాగానికి అందులో గడి లేదు.

అంతకంటె మౌలికమైనది యాజమాన్యం. 2008లో కంపెనీ ఆటకు నాలుగో కూర్పు తెచ్చింది. ఆ ఏడాదితోనే ‘లివింగ్ గ్రేహాక్’ను ముగించింది. ఎనిమిదేళ్లు ఆ లోకాన్ని నింపినవారికి దానిమీద హక్కు లేదు.

కలిసి సృష్టించినంత మాత్రాన సృష్టి సమష్టిది కాదు. దాన్ని కొనసాగించాలా, ముగించాలా అన్న నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదే అసలు ప్రశ్న. రచయితలుగా మన సంకలనాలకు, పత్రికలకు, నాటక సమాజాలకు కూడా ఈ ప్రశ్న వర్తిస్తుంది.