నల్లని ముఖం మీద వెలుగు

పాత ఆల్బంలో జేజమ్మల ఫోటోలు చూస్తే నుదుటి బొట్టు నల్లగా కనిపిస్తుంది. వాళ్లు పెట్టుకున్నది ఎర్రటి కుంకుమే. ఆనాటి ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు, ఫిల్ములకు ఎరుపు ఆనేది కాదు. కుంకుమ, పెదవులు, చీర ఎర్రంచు అన్నీ నలుపులో కలిసిపోయేవి. చామనఛాయ ముఖం ఉన్నదానికంటే ముదురుగా పడేది. అన్ని రంగులనూ పట్టుకునే పాంక్రొమాటిక్ ఫిల్ము వచ్చాక ఆ చిక్కు తీరింది. తీరనిదల్లా ముఖాన్ని తెల్లగా చూపించాలన్న పట్టుదల.

పెళ్లిచూపులకు పంపే ఫోటో అయితే "అమ్మాయి కాస్త తెల్లగా పడాలి" అని చెప్పకుండా స్టూడియో గడప దిగినవాళ్లు తక్కువ. అందుకు ముందు పౌడరు, తర్వాత రీటచింగ్. నెగటివ్‌లో నలుపు ఉన్నచోట ప్రింటులో తెలుపు వస్తుంది కదా. రీటచర్ నెగటివ్‌ను వెనకనుంచి వెలుతురు వచ్చేలా ఏటవాలుగా నిలబెట్టి, పెన్సిల్ అంటుకునేందుకు పలచగా వార్నిష్ రాసి, మొన బాగా సన్నగా చెక్కిన పెన్సిల్‌తో చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయేవాడు. ఒక్కో చుక్కకూ ముడత ఇంత, కంటికింద నలుపు ఇంత తగ్గేది. ఆ ఓపికకు, ఆ చేతి నేర్పుకు దణ్ణం పెట్టాల్సిందే. కానీ ఆ పెన్సిల్ అక్కడితో ఆగక చెంప ఎముక కింది నీడను, ముక్కు పక్క నీడను కూడా చెరిపేసినప్పుడు మనిషి పోలికే పోయేది.

నన్నడిగితే నలుపుతెలుపుల ఫోటోకు నల్లని ముఖాన్ని మించిన వస్తువు లేదు. చర్మం మీద పడిన వెలుతురులో కొంత పైపొర మీదినుంచే తిరిగొస్తుంది. మిగతాది లోపలికి ఇంకి, చెదిరి, బయటికొస్తుంది. పైపొర మెరుపు ఏ ఛాయ వారికైనా ఇంచుమించు ఒకటే. లోపలినుంచి వచ్చేది మాత్రం ముదురు ఛాయలో తక్కువ. అందుకే నల్లని చెంప మీద ఆ మెరుపు విడిగా నిలబడి ఎముక తీరును గీసి చూపిస్తుంది. పౌడరు అద్దితే పోయేది ఆ మెరుపే.

మెరుపు కోసం వెలుతురు కుమ్మరించనక్కర్లేదు. అది వెడల్పుగా ఉండి, పక్కనుంచి వస్తే చాలు. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ సికిందరాబాద్‌లో స్టూడియో నడిపిన కాలంలో ఫోటోకు పగటి వెలుతురే ఆధారం. నేరుగా ఎండ పడకూడదని ఆ రోజుల్లో స్టూడియోలకు ఉత్తరం వైపు అద్దాలు పెట్టుకునేవారు. ఇది యూరప్‌లో ఏడాది పొడవునా సరిపోయే సూత్రం. హైదరాబాద్‌లో మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీకైనా పలచటి తెల్లగుడ్డ కట్టాల్సిందే.

మనిషిని కిటికీకి మూడడుగుల దూరంలో కూర్చోబెట్టి, ముఖాన్ని మెల్లగా వెలుతురు వైపు తిప్పించండి. ఒకచోట నీడవైపు కంటి కింద చిన్న ముక్కోణం వెలుగుతుంది. చిత్రకారుడు రెంబ్రాంట్ పేరుతో పిలిచే లైటింగ్ అదే. నీడ మరీ చిక్కనైతే అటువైపు తెల్ల పంచె ఒకటి ఆరేసినట్టు పట్టుకోవాలి, దగ్గరికి జరిపేకొద్దీ నీడ పలచబడుతుంది. కెమెరా అయిదారడుగుల దూరంలో ఉండాలి. ఇంకా దగ్గరికి వెళితే ముక్కు పెద్దదై చెవులు వెనక్కి పోతాయి. ముప్పై అయిదు మిల్లీమీటర్ల కెమెరాకు 85 నుంచి 105 మిల్లీమీటర్ల లెన్సు వాడమనేది ఆ దూరంలో నిలబడి కూడా ముఖం ఫ్రేము నిండేందుకే. ఫోకస్ దగ్గరి కంటి మీద.

వెనక సున్నం గోడ వద్దు. వెలుతురు కొలిచే మీటరు తను చూసినదాన్నంతా నడిమి బూడిదరంగు కింద లెక్కగడుతుంది కాబట్టి గోడను బూడిద చేసి ముఖాన్ని బొగ్గులో తోసేస్తుంది. మీటరును ముఖం మీదే పెట్టి కొలిచి, నల్లని ఛాయకు ఎక్స్‌పోజర్‌ను అర స్టాపు నుంచి ఒక స్టాపు తగ్గించాలి. మాలి దేశంలోని బమాకోలో 1948లో స్టూడియో తెరిచిన సేదూ కేటా ఎక్కువగా పెరట్లో పగటి వెలుతురులోనే, పూలూ గీతలూ ఉన్న గుడ్డల ముందు మనుషుల్ని కూర్చోబెట్టి తీశాడు. ఆ ముఖాలు నల్లగానే ఉంటాయి, అయినా ఒక్క గీత కూడా మునిగిపోదు. మన స్టూడియోలవాళ్లకు చూపించి నేర్పాల్సిన ఫోటోలు అవి.

ఫిల్టరు విషయంలో మన ముఖాలకు ప్రత్యేకమైన జాగ్రత్త ఉంది. ఎర్ర ఫిల్టరు మచ్చల్ని మాయం చేస్తుందని వాడతారు. దాంతో కుంకుమ బొట్టూ తేలిపోయి నుదురు బోసిపోతుంది. పసుపుపచ్చ కలిసిన ఆకుపచ్చ ఫిల్టరు పెడితే బొట్టు నిలుస్తుంది, చర్మం గరుకు తెలుస్తుంది, పెదవుల అంచు తేరుకుంటుంది. డిజిటల్ ఫోటోను నలుపుతెలుపులోకి మార్చేటప్పుడు ఎరుపు, ఆకుపచ్చ స్లయిడర్లు చేసేదీ ఇదే పని.

డార్క్ రూమ్‌లో ప్రింటు వేసుకునేవాళ్లు ఎక్స్‌పోజర్ చూసుకునే టెస్ట్ స్ట్రిప్‌ను ముఖం మీదుగా వేసుకోవాలి, వెనక గోడ మీద కాదు. ఫైబర్ పేపరు తడిగా ఉన్నప్పుడు కనిపించే మెరుపును నమ్మి ఎక్స్‌పోజర్ ఖాయం చేయకూడదు. ఆరాక ప్రింటు ఒక వన్నె ముదురుతుంది, చెంప నలుపూ జుట్టు నలుపూ ఒకటైపోతాయి. స్ట్రిప్‌ను పూర్తిగా ఆరబెట్టి, పగటి వెలుతురులో చూసి, జుట్టు మొదలయ్యే చోట నుదురు ఇంకా విడిగా తెలుస్తుంటేనే పెద్ద పేపరు తియ్యాలి.